మందు చేరవలసిన చోటు: గుఱ్ఱపుపిల్లల న్యుమోనియాను గూర్చి



ఎవరి స్మృత్యర్థము నేడు మనమిచట సమావేశమైతిమో ఆ మహనీయుని నామము ఆహ్వానపత్రముపై ముద్రితమై యున్నది. నేను ఆయనను బ్రదికినన్నాళ్లును గురువుగారనియే పిలిచితిని గనుక నేడును అట్లే పిలుచుటకు అనుమతి వేడెదను. ఉపన్యాసమునకు విషయమును నన్నే ఎన్నుకొనుమని నిర్వాహకులు సెలవిచ్చినపుడు నేను ఎక్కువ ఆలోచింపలేదు. నలువది సంవత్సరములకు పైబడిన నా వృత్తిజీవితమున నాకు మిక్కిలి అవమానమును, ఆ వెనుక మిక్కిలి జ్ఞానమును ఇచ్చిన వ్యాధి యొకటి కలదు. అది ఆఱు నెలలు నిండని గుఱ్ఱపుపిల్లల ఊపిరితిత్తులలో చీముగడ్డలు పుట్టించు న్యుమోనియా. దాని చికిత్సను గూర్చియు, అది శ్వాసకోశమును దాటి శరీరమున తక్కిన చోట్ల చేయు ఉపద్రవములను గూర్చియు నాకు తెలిసినంత మనవి చేసెదను.

అశ్వవైద్యము మనకు క్రొత్తది కాదు. శాలిహోత్రుని పేర వెలసిన శాస్త్రమును, జయదత్తుని అశ్వవైద్యకమును సంస్కృతమున కలవు. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణములను గూర్చి ప్రత్యేకముగా గ్రంథము రచించెను. విరాటుని కొలువున నకులుడు దామగ్రంథియను పేర అశ్వరక్షణమునకే కుదిరెనని భారతము చదివిన ప్రతి తెలుగువానికిని తెలియును. అయినను 13వ శతాబ్ది చివర మన దక్షిణతీరమునకు వచ్చిన మార్కో పోలో, పాండ్యదేశపు రాజులు ఏటేట వేలకొలది గుఱ్ఱములను సముద్రము మీదుగా తెప్పించుకొనుచుండిరనియు, వానిని సాకుట తెలిసినవారు లేక సంవత్సరము తిరుగులోపల అందు పెక్కు చచ్చుచుండెననియు వ్రాసిపెట్టినాడు. గురువుగారు తొలిపాఠమునాడు ఈ సంగతి చెప్పి, శాస్త్రము గ్రంథమున నుండుటయు లాయమున నుండుటయు ఒకటి కాదనెడివారు. నేను చెప్పబోవు కథయంతయు ఆ మాటకు వ్యాఖ్యానమే.

గుఱ్ఱపుపిల్ల లోకమునకు నిరాయుధముగా వచ్చును. మానవశిశువునకు తల్లి రక్తములోని రక్షకపదార్థములు గర్భమునందే కొంత అందును. గోడిగ మాయ నిర్మాణము వేఱు గనుక దాని పిల్లకు గర్భమున నించుమించు ఏమియు అందదు. కడుపునిండ త్రాగిన ముఱ్ఱుపాలే దానికి కవచము. ఆ కవచమును లోనికి రానిచ్చు ప్రేగుద్వారము పుట్టిన కొలది గంటలకే ఇరుకగుచు, ఒక దినము గడచుసరికి మూసికొనిపోవును. అందుచేతనే పుట్టిన రెండు గంటలలో పిల్ల పొదుగు పట్టినదా లేదా యని చూచుకొనుటయు, మఱునాడు రక్తము పరీక్షించి రక్షకపదార్థము డెసిలీటరునకు 800 మిల్లీగ్రాముల కైన నున్నదా యని తెలిసికొనుటయు అశ్వక్షేత్రములలో ఆచారమైనది. తల్లి ఇచ్చిన ఈ ధనము ఒకటి రెండు నెలలలో కరగిపోవును. పిల్ల స్వార్జితము అప్పటికింకను చేతికి రాదు. ఈ సంధికాలమే శ్వాసరోగములకు అదను. స్ట్రెప్టోకాకస్ జూఎపిడెమికస్ మొదలగు సూక్ష్మజీవులు పెక్కు ఈ అదనున ప్రవేశించును గాని, వానిలో చాలవానిని పెన్సిలిను వంటి సామాన్యౌషధములు లొంగదీయగలవు. నేను ప్రత్యేకముగా చెప్పదలచినది రోడోకాకస్ ఈక్వై అను దానిని గూర్చి.

దీనిని 1923లో స్వీడను దేశమున మాగ్నుస్సన్ అను పండితుడు రోగగ్రస్తములైన పిల్లల ఊపిరితిత్తులనుండి వేఱుచేసి చూపెను. అప్పుడు దీని వంశనామము కోరినీబాక్టీరియము. 1977లో రోడోకాకస్ అయినది. దీని పేరును గూర్చిన వివాదము పండితులలో ఇంకను చల్లారలేదు. పేరెట్లున్నను స్వభావము స్పష్టము. ఇది మట్టిలో బ్రదుకునది. గుఱ్ఱపులద్ది దీనికి పరమాన్నము. ఎండాకాలమున పచ్చిక ఎండి, నేల పొడియై, ధూళి లేచినపుడు ఆ ధూళితోపాటు పిల్ల ముక్కునుండి ఊపిరితిత్తులలోనికి పోవును. మన దేశమున పందెపుజాతి గోడిగలు పెక్కు జనవరినుండి మే వఱకు ఈనును. అనగా పిల్లలకు ఒకటి రెండు నెలల వయస్సు నడచునప్పటికి దక్కను పీఠభూమిపై గాలి పొడిబారి, గుఱ్ఱములను విడుచు పాడకులలో దుమ్ము మోకాలియెత్తున లేచుచుండును.

ఇందులో మఱియొక విశేషమున్నది. మట్టిలోని రోడోకాకస్ అంతయు ప్రమాదకరము కాదు; వ్యాప్ ఏ అను మాంసకృత్తును పుట్టించు ఒకానొక ప్లాస్మిడ్ గల వంశమే గుఱ్ఱపుపిల్లలకు రోగము తెచ్చునని 1991లో తెలిసినది. ఆ ఆయుధము చేతనున్న సూక్ష్మజీవిని ఊపిరితిత్తులలో కాపలాకాయు మాక్రోఫేజి కణము మ్రింగును; కాని జీర్ణము చేసికొనలేదు. మ్రింగిన దానిని దహించుటకు ఆ కణమునందు ఏర్పాటైన ప్రక్రియను ఇది నడుమనే నిలిపివేసి, కావలివాని గదిలోనే కాపురముండి, సంతానమును పెంచుకొనును. ఈ యొక్క సంగతి మాకు ముందు తెలియకపోవుటచేత ఎన్ని ప్రాణములు పోయెనో!

నేను ఉద్యోగమున చేరిన తొలి సంవత్సరములలో, దక్కనులోని ఒక అశ్వక్షేత్రమున, పదివారముల వయస్సుగల ఎఱ్ఱని మగపిల్ల యొకటి నా చేతికి వచ్చినది. అంతకు ముందు దినము సాయంకాలము వఱకు తల్లివెంట పరుగెత్తినది, పాలు మానలేదు. ఉదయము చూచునప్పటికి నాసాపుటములు విప్పారి, డొక్కలు ఎగిరెగిరిపడుచు, నిమిషమునకు అఱువదికి మించి శ్వాసలు తీయుచు, తల్లి కడుపునకు ఆనుకొని నిలిచియున్నది. జ్వరము 104 డిగ్రీలు. స్టెతస్కోపు పెట్టగా క్రిందిభాగమున ఏ శబ్దమును లేదు. పైభాగమున ఎండుటాకులపై నడచినట్టి చప్పుడు. రోగము నిన్న రాత్రి వచ్చినదని యజమానియు, నేనును అనుకొంటిమి. గొంతునాళమునుండి తీసిన ద్రవమును పరీక్షకు పంపితిని. నాలుగవ దినమున వచ్చిన కాగితముపై రోడోకాకస్ పేరును, దాని కెదురుగా జెంటమైసిను పేరును, 'లొంగును' అను అక్షరములును స్పష్టముగా నుండెను. అప్పటికే పెన్సిలినుతోపాటు జెంటమైసినును ఇచ్చుచుంటిని గనుక నాకు సంతోషమైనది. తొమ్మిదవ దినమున తెల్లవాఱుజామున పిల్ల చచ్చిపోయినది.

ఆ ఉదయమే చెట్టుక్రింద శవపరీక్ష చేసితిమి. ఊపిరితిత్తులు కాలేయమువలె గట్టిపడి, కోసిన ప్రతిచోట ఉసిరికాయయంత, కొన్నిచోట్ల నిమ్మకాయయంత గడ్డలలోనుండి జున్నువంటి చిక్కని చీము వెలువడెను. గడ్డల చుట్టును ఏర్పడిన దళసరి పొరను వ్రేలితో తడవి చూచి గురువుగారు, "ఇది నిన్నటి రోగము కాదురా, నెలనాటిది," అనిరి. ఆ తరువాత జేబులోని కాగితమును తీసి నాకిచ్చి, "ఈ మందు గాజుపళ్లెములో గెలిచినది. పిల్లలో అది ఉన్నచోటికి పోయినదా? పోయి చూచితివా?" అని మాత్రము అడిగిరి.

పోలేదు. జెంటమైసిను కణముల లోపలికి చొరబడుటలో మిక్కిలి దుర్బలము. చీములో దాని శక్తి ఇంకను క్షీణించును. ఇది మా ఒక్కరి దురదృష్టము కాదని పిమ్మట తెలిసినది. 1987లో అమెరికానుండి వెలువడిన ఒక నివేదికలో, పెన్సిలిను జెంటమైసినులతో చికిత్సపొందిన 17 పిల్లలలో ఒక్కటియు బ్రదుకలేదు. ఆ సూక్ష్మజీవులు పరీక్షలో జెంటమైసినుకు లొంగినవే. అదే సంవత్సరమున వెలువడిన మఱియొక నివేదికలో ఎరిత్రోమైసిను, రిఫాంపిసిను అను రెండింటిని కలిపి యిచ్చిన 57 పిల్లలలో 50 బ్రదికెను. ఈ రెండు మందులును కొవ్వులో కరగు స్వభావము కలవి; కణకవచమును దాటి మాక్రోఫేజిలోనే పోగుపడును. రిఫాంపిసిను తెలుగునాట ఇంటింటికి తెలిసిన పేరు: క్షయరోగులు ఉదయముననే వేసికొను మాత్ర అది. రోడోకాకస్ క్షయక్రిమికి దూరపు జ్ఞాతి. అదియు, ఇదియు మాక్రోఫేజిలోనే దాగుకొనును గనుక, మందు కుదురుటలో ఆశ్చర్యము లేదు.

నేడు ఎరిత్రోమైసిను స్థానమును చాలవఱకు అజిత్రోమైసిను, క్లారిత్రోమైసిను ఆక్రమించినవి. అజిత్రోమైసిను కిలో బరువునకు 10 మిల్లీగ్రాముల చొప్పున, అనగా నూరు కిలోల పిల్లకు ఒక గ్రాము, దినమున కొక్కసారి అయిదు దినములును, ఆపైని దినము విడిచి దినమును ఇచ్చుట వాడుక. క్లారిత్రోమైసిను కిలోకు 7.5 మిల్లీగ్రాములు, రిఫాంపిసిను కిలోకు 5 మిల్లీగ్రాములు రెండుపూటలు. రిఫాంపిసినును ఒంటరిగా ఎన్నడును వాడరాదు, సూక్ష్మజీవి త్వరలోనే దానికి ఎదురుతిరుగును. చికిత్స మూడు వారములకు తక్కువ కాదు; పండ్రెండు వారములు పట్టినను ఆశ్చర్యపడరాదు. జ్వరము తగ్గినదని మందు ఆపుట, సగము కాలిన కట్టెను గడ్డివామి ప్రక్కన విడిచివచ్చుట వంటిది. రక్తమున తెల్లకణములును, ఫైబ్రినోజనును సరియైన స్థితికి రావలెను. ఎక్సరేలో గాని అల్ట్రాసౌండులో గాని గడ్డలు అణగవలెను.

మందుతోనే పని ముగియదు. ఆయాసపడు పిల్లను పట్టుకొనుటకు నలుగురు చుట్టుముట్టి తఱుముట, దానికున్న కొద్దిపాటి ఊపిరిని తీసివేయుటయే. ముక్కులో సన్నని గొట్టమునుంచి తేమగల ప్రాణవాయువును అందించుట, గాలివచ్చు నీడలో తల్లితో నుంచుట, జ్వరము తగ్గించు ఫ్లునిక్సిను వంటివానిని పొట్టలో పుండ్లు పడునను భయముతో మితముగా వాడుట, ఇవన్నియు చికిత్సలో భాగములు. పిల్ల మూత్రము గడ్డిపై ఎఱ్ఱగా కనిపించినపుడు సేవకులు రక్తమని హడలిపోవుదురు. అది రిఫాంపిసిను రంగని ముందే చెప్పవలెను.

ఇచట నా రెండవ తప్పిదమును ఒప్పుకొనవలెను. ఎరిత్రోమైసిను వచ్చిన పిదప ఒక ఏప్రిలు మాసమున ఒక పిల్లకు చికిత్స చేయుచుంటిని. పదవదినమునకు జ్వరము పోయి, దగ్గు తగ్గి, పాలకు తల్లిని తఱుముచుండుటచేత, ఉత్సాహమున దానిని పగలు పాడకులోనికి విడువుమంటిని. మిట్టమధ్యాహ్నము వృద్ధుడైన సైసు రొప్పుచు వచ్చి, "డాక్టరుగారూ, పిల్ల ఒళ్లు పొయ్యిలాగ కాలుతున్నది, చెమటచుక్క లేదు!" అనెను. పోయి చూడగా తల్లి మెడయంతయు చెమటతో తడిసి నిగనిగలాడుచున్నది; పిల్ల వెండ్రుకలు మాత్రము ఎండగడ్డివలె పొడిగానున్నవి. జ్వరము 107 డిగ్రీలు. న్యుమోనియా తిరుగబెట్టినదని నేను కంగారుపడి మందుసంచి విప్పుచుండగా, అతడు నా మాటకై నిలువక బావిదగ్గఱకు నడిపించుకొనిపోయి బొక్కెనలతో నీళ్లు గుమ్మరించుచు, విసనకఱ్ఱతో విసరుచు గంటసేపు నిలిచెను. పిల్ల బ్రదికినది. ఎరిత్రోమైసిను జాతి మందులు పిల్లకు చెమటపట్టు శక్తినే అణచివేయుననియు, మందు ఆపిన తరువాతను కొన్నాళ్లు ఆ దోషముండుననియు పిమ్మట ప్రయోగములవలన రుజువైనది. చెమట పట్టని పిల్లను దక్కను ఎండలో నిలుపుట ఎంతటి పాపమో వేఱుగ చెప్పనక్కఱలేదు. అది మొదలు చికిత్సలోనున్న పిల్లలు పగలు నీడపట్టుననే యుండవలెనని, సాయంకాలమే బయటికి రావలెనని మా నియమము.

తల్లికిని ఒక ప్రమాదము కలదు. పిల్ల లద్దిలోను, మూతికి అంటిన మందులోను ఉండు ఎరిత్రోమైసిను లేశమాత్రము గోడిగ కడుపున పడినను, దాని పెద్దప్రేగులోని సమతౌల్యము చెడి, క్లాస్ట్రీడియము విజృంభించి ప్రాణాంతకమైన విరేచనములు కలుగునని స్వీడను పరిశోధకులు చూపిరి. మందిచ్చిన పిదప పిల్ల మూతిని తడిగుడ్డతో తుడుచుట చిన్నపని. చేయనివారు గోడిగను పోగొట్టుకొన్న సందర్భములు కలవు.

ఇక ఉపద్రవములు. ఈ రోగమును కేవలము ఊపిరితిత్తుల రోగమని పాఠ్యగ్రంథములు ఒక అధ్యాయమున బంధించుట నాకు ఎప్పుడును రుచింపలేదు. 2009లో టెక్సాసునుండి వెలువడిన పరిశీలనలో 150 పిల్లలలో నూటికి 74 వంతులకు ఊపిరితిత్తులకు వెలుపల ఏదో యొక వికారము కనిపించెను. పిల్ల దగ్గుకఫమును ఉమ్మివేయదు, మ్రింగును. ఆ కఫముతో పోయిన సూక్ష్మజీవులు ప్రేగులలో పుండ్లు పుట్టించి, అచటి గ్రంథులను గడ్డలుగా మార్చును. కడుపులోని ఈ గడ్డలు చికిత్సకు మిక్కిలి కష్టముగా లొంగును. ఊపిరి సుఖముగా నున్నను ఎదుగుదల లేక పొట్ట వ్రేలాడు పిల్లను చూచినపుడు వీనిని శంకింపవలెను. కన్ను లోపల వాచి, ఆకుపచ్చని మసక క్రమ్మినట్లగుట మఱియొకటి.

కీళ్లవాపు ఎక్కువగా కనిపించునది. ఎక్కువగా పొరపాటుపడునదియు అదియే. రెండు మోకాళ్లును, మడమకీళ్లును నీరుపట్టి ఉబ్బినను పిల్ల కుంటక నడచుచుండినచో, అది కీళ్లలో సూక్ష్మజీవులు చేరుటచేత గాక, శరీరరక్షణ వ్యవస్థయొక్క ఉద్రేకముచేత కలిగిన వాపు. అట్టి కీలును సూదులతో పొడిచి మందు నింపబనిలేదు; ఊపిరితిత్తులు నెమ్మదించిన కొలదిని అదియు నెమ్మదించును. అట్లుగాక ఒక్క కాలినే ఎత్తిపట్టి నేల మోపజాలక నిలుచు పిల్లకు కీలునందో, ఎముక పెరుగు కొననో చీము పట్టియుండును; ఒక్క గంటయు ఆలసింపక కీలును కడిగించవలెను. అన్నిటికంటె క్రూరమైనది వెన్నుపూసలో పట్టిన చీము. దగ్గు తగ్గి, బరువు పెరిగి, అందఱును సంతోషించుచుండగా వెనుకకాళ్లు తూలుట మొదలగును. ఆ తూలుటను చూచి, పాడకులో జారిపడినదని అనుకొని పదిదినములు ఊరకుండి, పిమ్మట పిల్లను శాశ్వతనిద్ర పుచ్చవలసివచ్చిన దినము నాకిప్పటికిని మఱపునకు రాదు. అందుచేతనే నా శిష్యులకు నేను చెప్పునది ఇది: ప్రతిదినము స్టెతస్కోపు తగిలించుకొనుటకు ముందు, పిల్లను పదియడుగులు నడిపించి చూడుడు.

రోగము కనిపించునప్పటికే నెల ముదిరియుండుననుట చూచితిమి గదా. అందుచేత పిల్లలన్నిటిని రెండువారముల కొకసారి అల్ట్రాసౌండుతో చూచి, గడ్డ కనిపించిన ప్రతిదానికిని మందు పోయుట కెంటకీ మొదలగు చోట్ల ఆచారమైనది. ఉద్దేశము మంచిది, మొదట ఫలించినది కూడ. కాని జర్మనీలో జరిపిన పరీక్షలలో, చిన్నగడ్డలు గల పిల్లలలో మందు లేనివియు మందిచ్చినవానివలెనే పెక్కు తమంతట తామే కోలుకొనెను. అనగా మనము మందిచ్చి బాగుచేసితిమని గర్వించినవానిలో చాలభాగము ప్రకృతి బాగుచేసినవే. ఈలోపల, మందు మూకుమ్మడిగా పోసిన క్షేత్రములలో ఎరిత్రోమైసిను జాతి మాక్రోలైడులకును, రిఫాంపిసినుకును రెండింటికిని లొంగని రోడోకాకస్ పుట్టి, పిల్లల లద్దితో ఆ నేలనే ఆక్రమించుకొన్నది. అట్టి వంశము సోకిన పిల్ల బ్రదుకుట మఱింత దుర్లభము. మనకున్న మందులు రెండుమూడే; చేరవలసిన చోటికి చేరగల వేఱు మందు చేతిలో సిద్ధముగా లేదు. జ్వరము లేక, ఆయాసము లేక, పాలు త్రాగుచు గంతులువేయు పిల్ల ఊపిరితిత్తిలో చిన్నగడ్డ కనిపించినపుడు, దానికి మందీయక, వారమువారము చూచుచుండుట వైద్యునకు ధైర్యము కావలసిన పని. యజమాని ప్రక్కన నిలిచి, లక్షలు పెట్టి కొన్న వంశమని చెప్పుచుండగా అది మఱింత కష్టము. అయినను చేయవలసినది అదియే యని నా దృఢవిశ్వాసము.

నమ్మదగిన టీకా ఇంకను చేతికి రాలేదు. రోడోకాకస్‌కు ప్రతిరక్షకములు సమృద్ధిగా గల పెద్దగుఱ్ఱముల ప్లాస్మాను పుట్టిన ఒకటి రెండు దినములలో పిల్ల సిరకెక్కించుట కొంత రక్షణ ఇచ్చును, సంపూర్ణముగా కాదు. మిగిలినది ధూళిని అణచుట, లద్దిని ఎప్పటికప్పుడు ఎత్తివేయుట, ఒక్క పాడకులో తల్లీపిల్లలను క్రిక్కిరియనీయకుండుట, ఉదయము సాయంకాలము జ్వరము చూచుట. ఈ రోగము దాటిన పిల్లలలో పందెమునకు రాగలిగినవాని సంఖ్య కొంత తగ్గునుగాని, వచ్చినవి తక్కినవానికి తీసిపోవుట లేదని లెక్కలు చెప్పుచున్నవి. బావిదగ్గఱ తడిసిన ఆ పిల్లయు మూడవయేట పందెమున పరుగెత్తినది.

దాని చికిత్స తొమ్మిది వారములు సాగినది. ఆ వేసవి ప్రతిదినము ప్రొద్దుగ్రుంకువేళ, తల్లీపిల్లలను బయటికి విడుచుటకు అరగంట ముందు, ఆ వృద్ధసైసు ఎవరును చెప్పకయే కుండతో నీళ్లు తెచ్చి, లాయము గడపనుండి పాడకు తడికవఱకు గల త్రోవపై చిలకరించి, మట్టి తడిసి ముద్దకట్టినదా యని బొటనవ్రేలితో నొక్కి చూచి, ఆ తరువాతనే తలుపు గడియ తీయుచుండెను.